నీళ్ల రిపోర్టు కన్నా ముందు గొట్టాన్ని గీకి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ కాలనీలో 120 ఇళ్లు, సగానికి పైగా అరవై ఏళ్లు దాటినవి. సీసం గొట్టాలు ఉండొచ్చని ఎవరో అనడంతో సంఘం తరఫున మూడు ఇళ్ల కుళాయి నీళ్లు ల్యాబుకు పంపారు. రెండిళ్లకు 'బీడీఎల్' (పరికరం పట్టగలిగినంత లేదు) అని వచ్చింది. మూడో ఇంట్లో లీటరుకు 18 మైక్రోగ్రాముల సీసం. అదే ఇంటి నుంచి మళ్లీ పంపితే 2 వచ్చింది. ఇప్పుడు సగం మంది ల్యాబు తప్పు, వదిలేద్దాం అంటున్నారు. మిగతావాళ్లు టెన్షన్‌తో క్యాన్ల నీళ్లు తెప్పించుకుంటున్నారు. ఏ అంకెను నమ్మాలి, ముందు ఏం చేయాలి?

రెండంకెలూ నిజమే అయ్యుండొచ్చు. నీటి సరఫరాలో నాణ్యత వైపు చాలాకాలం పనిచేసినవాడిని, ఈ గొడవ ఎక్కడైనా దాదాపు ఇలాగే మొదలవుతుంది. జనం నీళ్లలో సీసాన్ని వెతుకుతారు. ముందు వెతకాల్సింది గొట్టంలో. ఒకే కుళాయి నీళ్లు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా చెబుతాయి. గొట్టం మాత్రం మాట మార్చదు.

సీసం నదిలోంచో చెరువులోంచో రావడం చాలా అరుదు. శుద్ధి కేంద్రం దాటేటప్పుడు నీళ్లలో సాధారణంగా ఉండదు, దారిలో కలుస్తుంది. అందుకని కేంద్రం దగ్గర తీసిన రిపోర్టు చూపించి 'మా నీళ్లు బ్రహ్మాండం' అని ఎవరైనా అంటే, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు గానీ మీ ప్రశ్నకు జవాబూ చెప్పడం లేదు.

దారిలో అన్నిటికన్నా పెద్ద అనుమానితుడు సర్వీస్ లైను, అంటే వీధిలోని మెయిన్ పైపు నుంచి మీ మీటరు దాకా, అక్కణ్ణుంచి ఇంట్లోకి వచ్చే సన్న గొట్టం. సీసం మెత్తటి లోహం కాబట్టి చేత్తో వంచుకోవచ్చు, నేల కాస్త కుంగినా విరగదు. ఆ సుళువు కోసమే ఒకప్పుడు విరివిగా వాడారు. పెద్ద మెయిన్లకు ఇది పనికిరాదు, సీసం సర్వీసులు మామూలుగా 2 అంగుళాల లోపే ఉంటాయి. దీని తర్వాత రాగి గొట్టాల అతుకుల్లో వాడిన పాత టంకం, ఇత్తడి కుళాయిలు, వాల్వులు, మీటరు బాడీలు. ఇత్తడిని తేలిగ్గా కోసి మర పట్టడానికి అందులో సీసం కలిపేవారు. అమెరికా 1986లో చట్టం మార్చి సీసం గొట్టాలను నిషేధించినప్పుడు కూడా, 8 శాతం దాకా సీసం ఉన్న ఫిట్టింగులను 'సీసం లేనివి' అనే లెక్కలోనే ఉంచింది. 2014 నుంచి ఆ హద్దు 0.25 శాతానికి దిగింది. కాబట్టి కొత్త ఇల్లు కదా అని ఆ ఒక్క కారణంతో వదిలేయకండి.

జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపుల సంగతి వేరుగా చెప్పాలి. వాటికి ఎగువన ఎప్పుడైనా సీసం గొట్టం ఉండి ఉంటే, ఏళ్ల తరబడి వచ్చిన సీసం లోపలి తుప్పు పొరల్లో పేరుకుపోతుంది. తర్వాత సీసం గొట్టం తీసేసినా ఆ తుప్పు పెచ్చులుగా ఊడినప్పుడల్లా కుళాయిలోకి వస్తుంది. మూడో ఇంట్లో మీకు కనిపించినలాంటి ఎగుడుదిగుడు అంకెలకు ఇదొక కారణం.

ఇంకొకటి, అనవసరంగా కంగారు పెట్టేది. పాత పోత ఇనుము మెయిన్లలో జాయింటులో నార కూరి, కరిగించిన సీసం పోసి, ఉలితో దట్టించేవారు. మీ వీధి లైన్‌మన్ 'ఇక్కడన్నీ లెడ్ జాయింట్లేనండీ' అంటే అతను చెబుతున్నది బహుశా దీని గురించి. నీళ్లకు తగిలే సీసం అక్కడ చాలా తక్కువ, పైగా పారే నీళ్లు ఎక్కువ. సర్వీస్ లైను పొడవునా సీసమే ఉండటానికీ దీనికీ పోలిక లేదు.

ఇక చూడటం ఎలాగంటే, మీటరు దగ్గరకు వెళ్లండి. లేదంటే గొట్టం నేలలోంచో గోడలోంచో ఇంట్లోకి వచ్చే చోటికి. ఒక అయస్కాంతం, ఒక నాణెం, టార్చిలైటు చాలు. మొదట అయస్కాంతం పెట్టండి. గట్టిగా అతుక్కుంటే అది ఇనుము, అంటే జీఐ. అతుక్కోకపోతే నాణెం అంచుతో అంగుళం పొడవున మెల్లగా గీకండి. రంగు వేసి ఉంటే ఆ పొర పోయి లోహం కనబడేదాకా. సీసమైతే నాణేనికి సులువుగా లొంగుతుంది, గీసిన చోట వెండిలా తళుక్కుమంటుంది, చుట్టూ మాత్రం మట్టిబూడిద రంగే. రాగి ఎర్రగా బయటపడుతుంది. ప్లాస్టిక్కు ఈ తతంగమే అక్కర్లేదు. నాణెంతో తట్టి చూడండి కూడా, మిగతా లోహాలు ఖంగుమంటే సీసం 'దబ్' అని మొద్దుగా పలుకుతుంది.

గొట్టం నడకా ఒక ఆనవాలే. జీఐ అయితే మలుపు దగ్గర మరలు తిప్పిన ఎల్బో ఉంటుంది. సీసం గొట్టం ఏ ఫిట్టింగూ లేకుండా తనంతట తానే వంపు తిరుగుతుంది, అక్కడక్కడా కాస్త వంకరగా, చేత్తో సర్దినట్టు. జాయింటు దగ్గర నున్నగా ఉబ్బిన బుడిపె కనిపిస్తే అది పాతకాలపు పనివాడు కరిగిన టంకాన్ని గుడ్డతో రుద్ది అతికిన అతుకు. అది చూశాక నాకు పెద్దగా అనుమానం మిగలదు. గరుకు కాగితం, ఆకురాయి వాడకండి, పొడి లేస్తుంది. గీకిన చోటును తడిగుడ్డతో తుడిచి, గుడ్డ పారేసి, చేతులు కడుక్కోండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మీటరు దగ్గర రాగి కనిపించినంత మాత్రాన నేల కింద మొత్తం రాగేనని అర్థం కాదు. ఎప్పుడో లీకైన ముక్క మాత్రం మార్చి ఉండొచ్చు, రోడ్డు కింద పాత సీసం అలాగే ఉండొచ్చు. అందుకే హద్దు దగ్గర మూసే వాల్వు ఉంటే దానికి రెండు పక్కలా చిన్న గుంట తీసి గొట్టాన్ని చూడాలి. వీధి వైపు ఒకటి, ఇంటి వైపు ఒకటి. ఇది సరఫరా సంస్థ మనుషులతో చేయించాల్సిన పని, మీ ప్లంబర్ని పంపి రోడ్డు తవ్వించకండి.

తవ్వే ముందు కాగితాలు అడగండి. కనెక్షన్ ఇచ్చిన రిజిస్టరు, మెయిన్ మార్చిన ఏడాది, లీకేజీ మరమ్మతుల పుస్తకం, మీటరు మార్చినప్పుడు రాసిన నోట్సు. అన్నిటికన్నా నేను నమ్మేది మరమ్మతుల పుస్తకాన్ని, ఎందుకంటే అది గొట్టాన్ని కళ్లారా చూసినవాడు రాసింది. మిగతావి దారి చూపిస్తాయి, తీర్పు చెప్పలేవు. కుళాయి నీళ్లలో సీసంతో పెద్ద గొడవైన అమెరికాలోని ఫ్లింట్ నగరంలో రికార్డులు పాత మ్యాపుల్లో, చేతిరాత కార్డుల్లో ఉండేవి, వాటిని నమ్మి తవ్వితే చాలాచోట్ల లెక్క తప్పింది. తర్వాత మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇల్లు కట్టిన ఏడాది, చుట్టుపక్కల తవ్వకాల్లో దొరికినది కలిపి ఏ ఇంట్లో సీసం ఉండే అవకాశం ఎక్కువో అంచనా వేసే పద్ధతి తయారుచేశారు. దాన్ని పక్కనబెట్టి వరుసగా తవ్వుకుంటూ పోయిన రోజుల్లో ఉత్త గుంతలే ఎక్కువయ్యాయి. 120 ఇళ్లకు కంప్యూటరు మోడల్ అక్కర్లేదు గానీ సూత్రం అదే. ఒకే ఏడాది, ఒకే కాంట్రాక్టరు వేసిన వరుసలో ఒక ఇంట్లో సీసం దొరికితే పక్కిళ్లను ముందు చూడండి.

ఇళ్లన్నిటికీ ఒక పట్టిక పెట్టుకోండి. కట్టిన ఏడాది, మీటరుకు వీధి వైపు గొట్టం, ఇంటి వైపు గొట్టం, ఫొటో, చూసినవారి పేరు. అమెరికాలో నీటి సంస్థలన్నీ 2024 అక్టోబరు 16 నాటికి ఇలాంటి జాబితా ఇవ్వాల్సి వచ్చింది. వాళ్ల వర్గాలు నాలుగే: సీసం, సీసం దిగువన ఉన్న జీఐ, సీసం కానిది, తెలియదు. అవే వాడండి. 'తెలియదు' అని రాయడానికి మొహమాటపడొద్దు. చూడని గొట్టం పక్కన 'లేదు' అని రాయడమే ప్రమాదం, పదేళ్ల తర్వాత ఇంకెవరో దాన్ని నిజమనుకుంటారు.

ఇప్పుడు మీ 18, 2ల దగ్గరకు వస్తాను. నీళ్లు గొట్టంలో ఎంతసేపు కదలకుండా ఉంటే సీసం అంత కరుగుతుంది. రాత్రంతా నిలవున్న నీళ్లూ, నలుగురి స్నానాలయ్యాక పట్టిన నీళ్లూ ఒకటి కావు. అందుకే కనీసం 6 గంటలు ఇంట్లో ఎవరూ ఏ కుళాయీ తిప్పకుండా, ఫ్లష్ కూడా నొక్కకుండా ఉంచి పట్టాలంటారు. అలా పట్టినా ఒక లీటరు బాటిలైతే ఇంకో పొరపాటుకు అవకాశం ఉంది. లెక్క వేసి చూడండి. అర అంగుళం గొట్టంలో మీటరుకు సుమారు 130 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి, ముప్పావు అంగుళంలో 280 దాకా. వంటింటి కుళాయి నుంచి మీటరు దాకా అర అంగుళం గొట్టం 12 మీటర్లుంటే, మధ్యలో ఉన్నది లీటరున్నర పైనే. మీరు పట్టిన మొదటి లీటరు అంతా వంటింటి గోడలో నిలవున్న నీళ్లే అన్నమాట. మీటరు అవతలి గొట్టంలో రాత్రంతా నానిన నీళ్లు మీ బాటిల్లోకి రానేలేదు. సింకులోకి పోయాయి.

దీనికి మందు వరుస నమూనాలు. లీటరు బాటిళ్లు పది తీసుకుని 1 నుంచి 10 దాకా అంకెలు వేయండి. పొద్దున్నే చన్నీళ్ల కుళాయిని రోజూ తిప్పినంత ధారగా తిప్పి, మధ్యలో కట్టేయకుండా ఒకదాని తర్వాత ఒకటి నింపండి. ఇద్దరుంటే తేలిక, ఒకరు అందిస్తే ఒకరు పట్టడం. ఫలితాలు వరుసగా పెట్టి చూస్తే తేలిగ్గా చదువుకోవచ్చు. మొదటి బాటిల్లో ఎక్కువుండి తర్వాత పడిపోతే దోషం కుళాయిదో దాని దగ్గరి ఫిట్టింగుదో. నాలుగో బాటిలూ ఐదో బాటిలూ దగ్గర గుట్టలా లేచి దిగితే సర్వీస్ లైను. అన్నీ తక్కువుండి మధ్యలో ఒక్కటే ఎగిరితే ఏదో రేణువు ఊడి వచ్చింది. సీసం సర్వీసున్న ఇళ్లలో ఐదో లీటరు పట్టి చూడాలని అమెరికా నిబంధనల్లో 2021లో చేర్చింది ఈ లెక్కతోనే. అన్నిళ్లకూ పది బాటిళ్లంటే ఖర్చు. 18 వచ్చిన ఇంటికీ, గీకి చూస్తే సీసం దొరికిన ఒకట్రెండు ఇళ్లకూ చేయించండి, మిగతావాటికి మొదటిదీ ఐదోదీ చాలు.

నమూనా పట్టేటప్పుడు ఫలితం అందంగా రావడానికి, తెలిసో తెలియకో, కొన్ని పనులు చేస్తుంటారు. ముందురోజు రాత్రి కుళాయి కాసేపు వదిలేసి గొట్టం కడగడం, కుళాయి మూతిలోని జాలీ విప్పేయడం, సన్నధారగా పట్టడం, సన్న మూతి బాటిల్ ఇవ్వడం. ఇవన్నీ అంకెను తగ్గిస్తాయి. ఫ్లింట్ గొడవ తర్వాత 2016 ఫిబ్రవరిలో అమెరికా పర్యావరణ సంస్థ ఇవి చేయొద్దని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. మీ మూడో ఇంట్లో రెండోసారి ఎవరు, ఏ వేళకు, ఎలా పట్టారో కనుక్కోండి. జవాబు అక్కడే దొరుకుతుందని నా అనుమానం.

మీటరుకూ కుళాయికీ మధ్య ట్యాంకు ఉంటే ఈ లెక్క పనిచేయదు. సర్వీస్ లైనులో నిలవున్న కొద్ది నీళ్లు ట్యాంకులోని నీళ్లలో కలిసి పలచబడతాయి. వంటింటి కుళాయి చెప్పేది ట్యాంకు నుంచి దిగే గొట్టాల కథ మాత్రమే. అలాంటి ఇళ్లలో ట్యాంకులోకి పడే చోటో, మీటరు పక్కన నేరు కుళాయి ఉంటే అక్కడో పట్టాలి.

ఇక 'బీడీఎల్' వచ్చిన ఆ రెండిళ్లు. ఆ ముక్కకు అర్థం సీసం లేదని కాదు, తమ పరికరం పట్టగలిగినంత లేదని. ఎంత దాకా పట్టగలదో రిపోర్టులో రాసి ఉండాలి. అది 10 అని ఉంటే 9 ఉన్నా మీకు వచ్చేది బీడీఎల్లే. ఐసీపీ-ఎంఎస్ పరికరం ఉన్న ల్యాబు అయితే లీటరుకు 1 మైక్రోగ్రాము కన్నా తక్కువ కూడా చూడగలదు, అలాంటి చోటికే పంపండి. నమూనాకు నైట్రిక్ ఆమ్లం కలిపి నిలవుంచాకే పరీక్షిస్తున్నారా అని కూడా అడగండి. లేకపోతే బాటిలు గోడలకు అంటుకున్నదీ, అడుగున చేరిన రేణువులూ లెక్కలోకి రావు. ఈ పని ల్యాబువాళ్లే చేయాలి, మీరు ఇంట్లో ఆమ్లాలతో ప్రయోగాలు పెట్టుకోకండి.

నీళ్లలో కరిగిన లవణాల మొత్తం కొలిచే టీడీఎస్ మీటరు సీసాన్ని పడుతుందా అని ఎవరో అడిగారట కదా. లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లలో సీసం 10 మైక్రోగ్రాములంటే ముప్పై వేలలో ఒక వంతు. ధాన్యం బస్తాలు తూచే కాటా మీద ముక్కుపుడక తూచినట్టుంటుంది. రంగు మారే స్ట్రిప్పులూ ఇంత తక్కువ మోతాదును నమ్మకంగా పట్టలేవు. రుచి, వాసన, రంగు ఏవీ మారవు. నీళ్లు కాచినా సీసం పోదు, ఆవిరైపోయేది నీరే గనుక మిగిలినదాంట్లో కాస్త చిక్కబడుతుంది కూడా.

ఎంత ఉంటే ఫర్వాలేదు అన్న ప్రశ్నకు సూటి జవాబు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాత్కాలిక మార్గదర్శకం లీటరుకు 10 మైక్రోగ్రాములు, భారత ప్రమాణమూ అంతే. ఐరోపా సమాఖ్య 10 నుంచి 5కు దిగడానికి 2036 జనవరి దాకా గడువు పెట్టుకుంది. అమెరికాలో 1991 నుంచి నడిచిన 15 ఒక ఇంటికి పెట్టిన హద్దే కాదు. పరీక్షించిన ఇళ్లలో పది శాతానికి మించి ఆ అంకె దాటితే నీటి సంస్థ చర్య తీసుకోవాలన్న గుర్తు మాత్రమే. వీటిలో ఏదీ 'ఇంతవరకు క్షేమం' అనే గీత కాదు, పిల్లల మెదడుకు క్షేమమైన సీసం మోతాదంటూ ఇంతవరకు తేల్చలేదు. అందుకే నన్నడిగితే 18 వచ్చిన ఇంట్లో డబ్బాపాలు తాగే పసిబిడ్డో గర్భిణో ఉంటే రెండో రిపోర్టు కోసం చూడను. ఈ రోజే తాగే నీళ్లకు, వంట నీళ్లకు ఫిల్టరు పెట్టిస్తాను. సీసం తగ్గిస్తుందని ఎన్‌ఎస్‌ఎఫ్ 53 (ఫిల్టర్లకు ఒక అమెరికా సంస్థ పెట్టిన ప్రమాణం) కింద ధ్రువీకరించిన కార్బన్ ఫిల్టరైనా, 58 కింద ధ్రువీకరించిన ఆర్వో అయినా సరే. కార్ట్రిడ్జి గడువు దాటితే పెట్టి ప్రయోజనం లేదు. వేడినీళ్ల కుళాయి నీళ్లు తాగడానికి, వంటకి వద్దు, వేడికి సీసం ఎక్కువ కరుగుతుంది. పొద్దున్నే వాడే ముందు కొన్ని నిమిషాలు వదలండి. ఎంతసేపో పైన వేసిన లెక్కే చెబుతుంది, మెయిన్ దాకా ఉన్న గొట్టం ఖాళీ అయ్యేంత. నెలకోసారి జాలీ విప్పి కడగండి. బిడ్డ రక్తపరీక్షలో సీసం ఎక్కువొస్తే మాత్రం నీళ్ల ఒక్కదాని మీదే పడొద్దు. పాత పెయింటు, దగ్గర్లో బ్యాటరీలు కరిగించే చోటు లాంటివీ చూడాలి.

సీసం గొట్టం ఉన్నా నీళ్లలో ఏళ్ల తరబడి దాదాపు ఏమీ కనిపించకపోవచ్చు. గొట్టం లోపల ఖనిజాల పొర కట్టి కాపాడుతుంటుంది. ఆ పొర నీళ్ల రసాయనం మీద ఆధారపడి బతుకుతుంది, రసాయనం మారితే ఊడొస్తుంది. ఫ్లింట్ కథ అందరికీ తెలుసు, 2014 ఏప్రిల్లో నీటి వనరు మార్చి, గొట్టాలు తినకుండా కలపాల్సిన ఫాస్ఫేటు కలపలేదు. నాకు ఎక్కువ భయం పుట్టించేది వాషింగ్టన్ నగరం సంగతి. అక్కడ వనరు మారలేదు. 2000 నవంబరులో క్లోరిన్ బదులు క్లోరమైన్ (క్లోరిన్‌కు అమ్మోనియా కలిపితే వచ్చేది) వాడటం మొదలుపెట్టారు, అదీ క్లోరిన్ వల్ల పుట్టే హానికర పదార్థాలను తగ్గించాలన్న మంచి ఉద్దేశంతోనే. గట్టి క్లోరిన్ కింద నిలకడగా ఉన్న లెడ్ డయాక్సైడ్ పొర క్లోరమైన్ నీళ్లలో కరగడం మొదలైంది. వేల ఇళ్లలో సీసం హద్దు దాటింది, 2004లో పత్రికల్లో వచ్చేదాకా నగరంలో చాలామందికి తెలియనే తెలియదు. 2004లోనే గొట్టాలు తినకుండా ఆర్థోఫాస్ఫేటు కలపడం మొదలుపెట్టాక క్రమంగా దిగింది. కాబట్టి మీ సరఫరాదారుకు రాసే ఉత్తరంలో ఈ మూడు అడగండి: నీటి పీహెచ్ ఎంత, గొట్టాలు తినకుండా ఏం కలుపుతున్నారు, గత కొన్నేళ్లలో వనరుగానీ క్లోరినేషన్ పద్ధతిగానీ మార్చారా. మీరే కాలనీకి సాఫ్ట్‌నర్ పెట్టినా, బోరు నీళ్లు కలిపినా మళ్లీ పరీక్షించాలి.

గొట్టం మార్చాల్సి వస్తే పూర్తిగా మార్పించండి. 'మా వైపు మేం మారుస్తాం, మీ వైపు మీ ఇష్టం' అంటే ఒప్పుకోవద్దు. సగం కోసి రాగి అతికితే కోత దగ్గర పొర చెదురుతుంది, పైగా సీసం, రాగి కలిసిన చోట విద్యుద్రసాయన చర్యతో సీసం వేగంగా కరుగుతుంది. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ముందుకన్నా ఎక్కువ సీసం రావచ్చు. ఇంటి యజమాని భాగంతో సహా తీయించిన ఊళ్లున్నాయి. విస్కాన్సిన్‌లోని మాడిసన్ అనే అమెరికా నగరం 2001లో మొదలుపెట్టి పదేళ్లకు పైగా పట్టి దాదాపు 8,000 సర్వీసులు తీసేసింది. సరస్సుల్లోకి ఫాస్ఫేటు చేరుతుందన్న భయంతో మందు కలిపే దారి వద్దనుకుంది, గొట్టాలే తీసింది. మార్చిన రోజున లోపలి కుళాయిల జాలీలన్నీ విప్పి, అరగంట తక్కువ కాకుండా ఫుల్లుగా వదిలి, మళ్లీ బిగించండి. ఆ తర్వాత కొన్ని నెలలు ఫిల్టరు ఉంచి, మళ్లీ నమూనా పంపండి. రోడ్డు తవ్వినా, మీటరు మార్చినా ఇంతే జాగ్రత్త.

ఇప్పటికి మూడో ఇంట్లో మీటరు దగ్గర గీకి, రెండు పక్కల ఫొటోలు తీయండి. పది బాటిళ్ల ఫలితాలొచ్చాక వరుస మార్చకుండా అంకెలు, వాటితోపాటు కుళాయి నుంచి మీటరు దాకా గొట్టం పొడవు, సైజు రాయండి. మధ్యలో ట్యాంకు ఉందో లేదో కూడా. ఏ బాటిల్ నీళ్లు ఏ ముక్క గొట్టంలో నిలవున్నాయో లెక్కగట్టి చెబుతాను.